మ్యాక్‌లో చేసిన విండోస్ పెన్‌డ్రైవ్‌ని నాన్న లాప్‌టాప్ ఎందుకు పట్టించుకోవడం లేదు?

ప్రశ్న: నా దగ్గర ఉన్నది ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్. తణుకులో నాన్నకి హార్డ్‌వేర్ షాపు ఉంది. 2019లో కొన్న ఐ5 లాప్‌టాప్‌లో ట్యాలీ లెక్కలు రాసుకుంటారు. పది రోజులుగా అది ఆన్ చేస్తే ఆటోమేటిక్ రిపేర్ అంటూ తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. దసరాకి ఊరెళ్ళినప్పుడు విండోస్ మళ్ళీ వేద్దామని ఐఎస్ఓ (విండోస్ మొత్తం ఒక్క ఫైలుగా కట్టింది) దింపి, బెలీనా ఎచర్ అనే యాప్‌తో పెన్‌డ్రైవ్‌లోకి రాశాను. రాసే ముందు ఏదో వార్నింగ్ వచ్చింది, కంటిన్యూ నొక్కాను. నమూనాకి మా ఇంటి ఓనర్ గారి లాప్‌టాప్‌లో పెట్టి చూస్తే, దేని నుంచి ఆన్ అవ్వాలో ఎంచుకునే బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవ్ పేరే లేదు. రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చాను, అంతే. సి డ్రైవ్ ఒక్కటి ఫార్మాట్ చేస్తే చాలు, లెక్కలన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయని నాన్న అంటున్నారు. ఇంకో చిన్న సందేహం: ఈ పెన్‌డ్రైవ్‌తో నా మ్యాక్‌లో కూడా విండోస్ వేసుకోవచ్చా?
— ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మూడో పెన్‌డ్రైవ్ కొనకండి. మీరు మార్చిన రెండూ బాగానే ఉండి ఉంటాయి. ఎచర్ చూపించిన ఆ వార్నింగే అసలు సంగతి. విండోస్ ఐఎస్ఓని మామూలుగా రాస్తే బూట్ అవ్వదు, దానికి వేరే పని చెయ్యాలి అని అది మర్యాదగానే చెప్పింది. మీరు కంటిన్యూ నొక్కారు. నేనూ మొదటిసారి అదే చేశాను. ఇంగ్లీషులో నాలుగు లైన్లు, కింద ఒక నీలం బటన్ కనిపిస్తే మన వేలు దేని మీదకి వెళ్తుందో తెలిసిందే కదా.

విండోస్‌కి బదులు వాడుకునే ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి సిస్టమ్‌ల ఐఎస్ఓలని తయారుచేసేవాళ్ళు పెన్‌డ్రైవ్‌ని కూడా దృష్టిలో పెట్టుకునే చేస్తారు. పార్టిషన్ పట్టిక (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో చెప్పేది), బూట్ అవ్వడానికి కావలసిన కోడ్ అన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయి. కాబట్టి మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా ఉన్నది ఉన్నట్టు దించేస్తే పనైపోతుంది. ఎచర్ చేసేది సరిగ్గా ఆ పనే. విండోస్ ఐఎస్ఓ అలా కాదు, అది డీవీడీ కోసం కట్టిన మూట. అందులో పార్టిషన్ పట్టిక లేదు. దాన్ని బైటుకి బైటు పెన్‌డ్రైవ్‌లో దించితే ఫైళ్ళన్నీ అందులో ఉంటాయి, కానీ లాప్‌టాప్ ఆన్ అవ్వగానే అన్నిటికంటే ముందు లేచే యూఈఎఫ్ఐ అనే లోపలి ప్రోగ్రామ్‌కి మాత్రం అక్కడ తనకి తెలిసిన పార్టిషన్ ఏదీ కనిపించదు. అందుకే మెనూలో పేరు కూడా చూపించలేదు.

అయితే యూఈఎఫ్ఐకి కావలసింది చాలా తక్కువ. ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్, అందులో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్, దాని లోపల బూట్ అనే ఫోల్డర్, అందులో బూట్‌ఎక్స్64 అనే ఫైలు ఉంటే చాలు, అది లేస్తుంది. ఇవన్నీ విండోస్ ఐఎస్ఓలో ముందే ఉన్నాయి. అంటే ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళని మామూలుగా కాపీ చేసుకుంటే సరిపోవాలి. ఒకప్పుడు సరిపోయేది కూడా.

ఇప్పుడు ఎందుకు సరిపోదంటే, సోర్సెస్ ఫోల్డర్లో ఇన్‌స్టాల్.విమ్ అని ఒక ఫైలుంది. విండోస్ మొత్తం కుదించి పెట్టింది దాన్లోనే. ఈమధ్య వచ్చే విండోస్ 11లో అది 4 జీబీ దాటిపోయింది. ఫ్యాట్32లో ఒక్కో ఫైలు సైజు రాసుకోవడానికి 32 బిట్లే ఉంటాయి కాబట్టి 4,294,967,295 బైట్ల పైన ఒక్క బైట్ ఉన్నా అది ఒప్పుకోదు. ఫైండర్లో లాగి వదిలితే, ఈ ఫార్మాట్‌కి ఈ ఫైలు మరీ పెద్దది అని మెసేజ్ ఇచ్చి ఆగిపోతుంది. పోనీ ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేద్దామంటే ఫైలు పడుతుంది, కానీ చాలా లాప్‌టాప్‌ల యూఈఎఫ్ఐ ఎక్స్‌ఫ్యాట్‌ని చదవలేదు. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి.

డబుల్ కాట్ మంచాన్ని మూడో అంతస్తుకి ఎలా ఎక్కిస్తాం? నట్లు విప్పి, ముక్కలు ముక్కలుగా తీసుకెళ్ళి, పైన బిగిస్తాం. ఇక్కడా అంతే. ఆ ఒక్క ఫైలుని రెండు ముక్కలు చెయ్యాలి. బిగించే పని విండోస్ సెటప్ తనే చూసుకుంటుంది, ముక్కలకి సరైన పేర్లుంటే చాలు.

ఆ పని ఎలాగో చెప్పే ముందు డి డ్రైవ్ సంగతి. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది పెన్‌డ్రైవ్ కాదు, నాన్నగారన్న ఆ మాట. ట్యాలీప్రైమ్ వేసినప్పుడు ఎవరూ ఏమీ మార్చకపోతే లెక్కల డేటా సి డ్రైవ్‌లోనే, యూజర్స్ ఫోల్డర్లో పబ్లిక్ కింద ట్యాలీప్రైమ్ అన్న చోట ఉంటుంది. డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఎక్సెల్ షీట్లు, డౌన్‌లోడ్స్‌లోని జీఎస్టీ రిటర్న్ కాపీలు, ఫొటోలు, ఇవన్నీ కూడా సి డ్రైవే. డి డ్రైవ్‌లో ఉన్నాయని నాన్నగారు అనుకోవచ్చు, ఎప్పుడో ఎవరో అలా పెట్టి ఉండొచ్చు కూడా. కళ్ళతో చూసేదాకా నమ్మకండి.

విండోస్ లేవకుండా ఎలా చూడాలంటారా? మీరు నేర్చుకున్న ఎచర్ విద్య ఇక్కడ పనికొస్తుంది. లినక్స్ మింట్ ఐఎస్ఓ దింపి, ఎచర్‌తో మీ రెండు పెన్‌డ్రైవ్‌లలో ఒకదాన్లోకి రాయండి. రాయడం అయ్యాక, ఈ డిస్క్ నేను చదవలేను, ఇనిషియలైజ్ చెయ్యాలా అని మ్యాక్ అడగొచ్చు. కంగారు పడి ఆ బటన్ నొక్కకండి, ఎజెక్ట్ చేసెయ్యండి. దాంతో నాన్నగారి లాప్‌టాప్‌ని బూట్ చేస్తే మింట్ ఏమీ ఇన్‌స్టాల్ అవ్వకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. డెస్క్‌టాప్ మీద ఇన్‌స్టాల్ అని ఒక బొమ్మ ఉంటుంది, దాని జోలికి పోవద్దు. ఫైల్స్ తెరిస్తే ఎడమ వైపు లాప్‌టాప్‌లోని పార్టిషన్లు కనిపిస్తాయి. కావలసినవన్నీ ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ట్యాలీ డేటాలో ఒక్కో కంపెనీకి ఒక్కో నంబరు ఫోల్డర్ ఉంటుంది. ఏది ఏదో తేల్చుకుంటూ కూర్చోకుండా డేటా ఫోల్డర్ మొత్తం తీసుకోండి.

పార్టిషన్ తెరవబోతే పాస్‌వర్డ్ అడిగితే అది బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి విండోస్ వేసిన తాళం. నాన్నగారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో 48 అంకెల రికవరీ కీ ఉండొచ్చు. ఫోన్‌లో లాగిన్ అయి చూడండి. ఆ కీ దొరికేదాకా ఫార్మాట్ మాట ఎత్తొద్దు.

మింట్‌లో ఉండగానే ఇంకో రెండు పనులు చేసుకోండి. డిస్క్స్ అనే ప్రోగ్రామ్ తెరిచి హార్డ్‌డిస్క్ ఆరోగ్యం, అంటే స్మార్ట్ డేటా చూడండి. డిస్కే పోతున్నప్పుడు దాని మీద కొత్త విండోస్ వెయ్యడం పుచ్చిన దూలానికి రంగు వెయ్యడమే. ఆ రోజుల్లో వచ్చిన ఐ5 లాప్‌టాప్‌లలో చాలావాటికి 1 టీబీ తిరిగే హార్డ్‌డిస్కే ఉండేది. మీదీ అదే అయితే నా సలహా, ఎస్ఎస్‌డీ కొని షాపులో మార్పించండి. పాత డిస్క్‌ని అలాగే పక్కన పెట్టుకుంటే డేటా భయమూ ఉండదు, కొత్త విండోస్ కూడా లాక్కుంటూ నడవదు. రెండో పని, సిస్టమ్ సమాచారంలో ప్రాసెసర్ పేరు చూడండి. ఐ5 తర్వాత గీత పక్కన తొలి అంకె 8 అయితే (8265యూ, 8250యూ లాంటివి) విండోస్ 11 వెయ్యొచ్చు. 7 అయితే అధికారికంగా వెయ్యరు, విండోస్ 10కేమో మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అలా వస్తే మళ్ళీ రాయండి, అది వేరే కథ.

ఇక విండోస్ పెన్‌డ్రైవ్. దీన్ని హైదరాబాద్‌లోనే, ఇంటి వైఫై మీద పూర్తి చేసుకుని వెళ్ళండి. షాపులో కూర్చుని ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆరేడు జీబీలు దించుకుంటూ ఉంటే పండగ అయిపోతుంది. దీనికి మీ రెండో పెన్‌డ్రైవ్ వాడండి, అది 16 జీబీది అయ్యుండాలి. మీ మ్యాక్‌కి ఉన్నవి రెండూ టైప్-సి పోర్టులే కాబట్టి అడాప్టర్ కావాలి, లేదా రెండు వైపులా మూతి ఉండే ఓటీజీ పెన్‌డ్రైవ్ అయినా సరే. అన్నట్టు, మ్యాక్ ఆఫీసు వాళ్ళిచ్చినదైతే పెన్‌డ్రైవ్‌లోకి రాయనివ్వకపోవచ్చు. దాంతో కుస్తీ పట్టకండి, ఇంకెవరి మ్యాక్ అయినా అడగండి.

ఐఎస్ఓ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దింపండి. విండోస్ వాళ్ళకి ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్ మ్యాక్‌లో నడవదు, మీకు కావలసింది డిస్క్ ఇమేజ్. ఇక్కడొక గోతి ఉంది. ఆర్మ్64 అని, ఆర్మ్ రకం ప్రాసెసర్ల కోసం ఇంకో ఐఎస్ఓ కూడా ఇస్తారు. మీ మ్యాక్ ఎం1 కాబట్టి అదే సరైనదేమో అనిపిస్తుంది. కాదు. విండోస్ ఎక్కాల్సింది నాన్నగారి ఇంటెల్ లాప్‌టాప్‌లో, కాబట్టి ఎక్స్64 కావాలి. తయారుచేసే మెషీన్ ఏదన్నది ఈ పనిలో లెక్కలోకి రాదు.

తర్వాత ఫార్మాట్. డిస్క్ యుటిలిటీ తెరిచే ముందు మ్యాక్‌కి తగిలించిన మిగతా డిస్కులన్నీ పీకెయ్యండి. ఇది పెద్దమనిషి తరహాలో చెప్పే జాగ్రత్త కాదు, నేను డబ్బు పోసి నేర్చుకున్నది. ఒకసారి పెన్‌డ్రైవ్, బ్యాకప్ డిస్క్ రెండూ తగిలించి ఉన్నాయి. రెండింటి పేరూ అన్‌టైటిల్డ్. నేను చెరిపింది రెండోది. ఎరేజ్ నొక్కాక పెన్‌డ్రైవ్ లైటు వెలగాల్సింది పోయి పక్కన బ్యాకప్ డిస్క్ లైటు టపటపా కొట్టుకోవడం ఇప్పటికీ గుర్తుంది. మా అబ్బాయి మొదటి పుట్టినరోజు వీడియో అందులోనే ఉండేది.

డిస్క్ యుటిలిటీలో వ్యూ మెనూకి వెళ్ళి, అన్ని డివైజ్‌లూ చూపించమనండి. అలా చెయ్యకపోతే లోపలి వాల్యూమ్ ఒక్కటే కనిపిస్తుంది, స్కీమ్ అనే గడే రాదు. ఎడమ వైపు ఎక్స్‌టర్నల్ కింద, పెన్‌డ్రైవ్‌కి చెందిన వరసల్లో పైదాన్ని (మ్యాక్ సొంత డిస్క్‌ని కాదు) ఎంచుకుని ఎరేజ్ నొక్కండి. ఫార్మాట్ ఎంఎస్-డాస్ ఫ్యాట్ (మనకి కావలసిన ఫ్యాట్32 ఇదే), స్కీమ్ మాస్టర్ బూట్ రికార్డ్. పేరు ఇంగ్లీషు పెద్దక్షరాల్లో, పదకొండు అక్షరాలు దాటకుండా, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. విన్11 అని పెడితే బావుంటుంది. స్కీమ్ జీయూఐడీ అయినా చాలా లాప్‌టాప్‌లలో నడుస్తుంది కానీ, మ్యాక్ అప్పుడు ముందు ఇంకో చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా పెడుతుంది. ఆ ఖాళీ పార్టిషన్‌ని చూసి కొన్ని లాప్‌టాప్‌లు తికమక పడతాయి, అందుకే నేను మాస్టర్ బూట్ రికార్డే వాడతాను.

ఐఎస్ఓ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే అది ఒక డిస్క్‌లా తెరుచుకుంటుంది. దాని పేరు సీసీకోమా అంటూ మొదలవుతుంది. పేరులో కోమా ఉందని అపశకునంగా అనుకోకండి, మైక్రోసాఫ్ట్ వాళ్ళు పెట్టే పేరే అది. అందులో సోర్సెస్ ఫోల్డర్ తప్ప మిగతావన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగండి. తర్వాత పెన్‌డ్రైవ్‌లో సోర్సెస్ పేరుతోనే, స్పెల్లింగ్ తేడా లేకుండా, ఒక కొత్త ఫోల్డర్ చేసుకోండి. ఐఎస్ఓలోని సోర్సెస్ తెరిచి, కమాండ్-ఏ కొట్టి అన్నీ ఎంచుకుని, కమాండ్ నొక్కి పట్టుకుని ఇన్‌స్టాల్.విమ్ మీద ఒక్క క్లిక్ చేస్తే అదొక్కటే వదిలిపోతుంది. మిగతావన్నీ కొత్త ఫోల్డర్లోకి లాగండి.

మిగిలింది ఆ పెద్ద మంచం. దీనికి మాత్రం టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే యాప్, తెరవక తప్పదు. ఇలాంటి పనిముట్లని దింపిపెట్టే హోమ్‌బ్రూ లేకపోతే దాని సైట్లో ఇచ్చిన ఒక్క లైను టెర్మినల్లో పేస్ట్ చేసి వేసుకోండి, కొంచెం టైమ్ తీసుకుంటుంది. చివర నెక్స్ట్ స్టెప్స్ అని చూపించే లైన్లని కూడా అలాగే పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి. అయ్యాక బ్రూ ఇన్‌స్టాల్ విమ్‌లిబ్ (brew install wimlib) అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే కావలసిన పనిముట్టు వస్తుంది. ఇప్పుడు విమ్‌లిబ్, అడ్డగీత, ఇమేజెక్స్ అని కలిపి (wimlib-imagex) రాసి, ఒక ఖాళీ వదిలి స్ప్లిట్ అని రాసి, మళ్ళీ ఖాళీ వదిలి అక్కడ ఆగండి, ఎంటర్ నొక్కొద్దు. ఐఎస్ఓలోని ఇన్‌స్టాల్.విమ్‌ని మౌస్‌తో పట్టుకుని టెర్మినల్ కిటికీలో వదిలితే దాని దారి మొత్తం అదే రాసుకుంటుంది. దాని తర్వాత ఖాళీ ఉందో లేదో చూసుకోండి. తర్వాత పెన్‌డ్రైవ్‌లోని సోర్సెస్ ఫోల్డర్‌ని అలాగే తెచ్చి వదలండి. దీని చివర ఖాళీ వచ్చి ఉంటే ఒక్కసారి బ్యాక్‌స్పేస్ కొట్టి, ఫోల్డర్ పేరుకి అంటుకునేలా స్లాష్ పెట్టి ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యుఎం అని రాయండి. మళ్ళీ ఒక ఖాళీ, 3800, ఎంటర్. పొరపాట్లన్నీ జరిగేది ఆ బ్యాక్‌స్పేస్ దగ్గరే.

3800 అంటే ఒక్కో ముక్క గరిష్ఠ సైజు ఎంబీల్లో. 4096కి లోపల కొంచెం సందు వదిలాం. పని పూర్తయ్యాక సోర్సెస్‌లో ఇన్‌స్టాల్.ఎస్‌డబ్ల్యుఎం, ఇన్‌స్టాల్2.ఎస్‌డబ్ల్యుఎం అని రెండు ఫైళ్ళు ఉండాలి. ఆ పేర్లు మార్చొద్దు, వాటిని చూసే సెటప్ విండోస్‌ని బిగిస్తుంది. అయిపోయింది కదా అని పెన్‌డ్రైవ్ లాగెయ్యకుండా ఎజెక్ట్ కొట్టి, ఐకాన్ మాయమయ్యేదాకా ఆగండి. చవక పెన్‌డ్రైవ్‌లలో ఆ ఆఖరి రాత చాలాసేపు నడుస్తుంది.

ముందు ఇంటి ఓనర్ గారి లాప్‌టాప్‌లోనే పెట్టి చూడండి. విండోస్ సెటప్ మొదటి పేజీ, భాష అడిగేది, కనిపించిందంటే పెన్‌డ్రైవ్ పాసైనట్టే. అక్కడే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి, పెన్‌డ్రైవ్ తీసెయ్యండి. ఆయన విండోస్‌కి ఏమీ కాదు, నెక్స్ట్ మాత్రం నొక్కకండి.

బూట్ మెనూ కీ కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవోలకి ఎఫ్12. హెచ్‌పీకి ముందు ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్‌కి ఎస్కేప్. ఏసర్‌కి ఎఫ్12 అయినా, చాలావాటిలో ముందు బయోస్‌లోకి వెళ్ళి ఆ మెనూని ఆన్ చెయ్యాలి. మెనూలో యూఈఎఫ్ఐ అని ముందు ఉన్న పెన్‌డ్రైవ్ పేరే ఎంచుకోండి. విండోస్ కోసం సెక్యూర్ బూట్ (నమ్మకం లేని ప్రోగ్రామ్‌లని లేవనివ్వని రక్షణ) తీసెయ్యాల్సిన పని లేదు. షాపుల్లో చాలామంది అలవాటుగా దాన్ని ఆఫ్ చేసి వదిలేస్తారు, మీరు మాత్రం అలాగే ఉంచండి.

ప్రోడక్ట్ కీ అడిగితే నా దగ్గర లేదు అనండి. విండోస్‌తో వచ్చిన లాప్‌టాప్ కాబట్టి ఇదివరకటి ఎడిషన్, హోమ్ అయితే హోమే, ఎంచుకుంటే నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. యాక్టివేషన్ కోసమంటూ ఎవరికీ డబ్బు ఇవ్వకండి. ఎక్కడ వెయ్యాలి అని డిస్కుల పట్టిక వచ్చినప్పుడు అందులో మీ పెన్‌డ్రైవ్ కూడా ఉంటుంది, సైజు చూసి గుర్తుపట్టండి. డేటా బయటికి తీసుకున్నారన్న నమ్మకం ఉంటేనే లోపలి డిస్క్ పార్టిషన్లు తీసెయ్యండి. మొదటిసారి రీస్టార్ట్ అయినప్పుడు మళ్ళీ భాష అడిగే పేజీకే వస్తే భయపడకండి, అది పెన్‌డ్రైవ్ నుంచి మళ్ళీ లేచింది, అంతే. ఆపేసి, పెన్‌డ్రైవ్ పీకి, ఆన్ చెయ్యండి.

ఇదే పని 11వ తరం ఇంటెల్, ఆ తర్వాతి లాప్‌టాప్‌ల మీద చేసేవాళ్ళకి ఒక మాట: సెటప్‌లో డిస్కే కనిపించకపోతే అది పాడైనట్టు కాదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి దింపి, విప్పి, అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, లోడ్ డ్రైవర్ దగ్గర చూపించాలి. మీ నాన్నగారిది 8వ తరమే అయితే ఈ గొడవ లేదు.

మీ ఆఖరి సందేహానికి: కుదరదు. ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ అని ఉండేది, దాంతో విండోస్ నేరుగా వేసుకునేవాళ్ళు. ఎం1 నుంచి అది లేదు. మీకు విండోస్ కావాలంటే మ్యాక్‌లో వర్చువల్ మెషీన్, అంటే ఒక యాప్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్, పెట్టుకుని అందులో నడుపుకోవాలి. ఇందాక వద్దన్న ఆ ఆర్మ్64 ఐఎస్ఓ పనికొచ్చేది అక్కడే.